బోర్డు మీది నంబర్లు

ప్రకటనల మెసేజ్‌లు పంపే పనిలోకి నేను దిగడానికి కారణం పెళ్లికార్డులు. మహబూబ్‌నగర్‌లో కోర్టుకు వెళ్లే దారిలో నాకొక చిన్న డీటీపీ సెంటర్ ఉంది. ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, ఒక జిరాక్స్ మిషన్, నేను. పొద్దున పూట వకీళ్ల దగ్గరి నుంచి అఫిడవిట్లు, పిటిషన్లు వస్తాయి. మధ్యాహ్నం దాటాక పెళ్లికార్డులు, దుకాణాల కరపత్రాలు వచ్చేవి. కరోనా తగ్గి బజార్లు మళ్లీ తెరుచుకునే సరికి ఈ రెండో పూట పని దాదాపు లేకుండా పోయింది. పెళ్లికార్డును ఫోన్‌లోనే బొమ్మగా చేసి చుట్టాలకు పంపడం జనం నేర్చుకున్నారు. కరపత్రాలు పంచే మనుషులు దొరకడం లేదని దుకాణాలవాళ్లు వాటిని మానేశారు.

ఆ రోజుల్లో మా ఎదుటి వరుసలో ఇన్వర్టర్లు అమ్మే ఆయన ఒకరోజు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన్ని అందరం సేటు అనే పిలుస్తాం.

"చెల్లె, తెలంగాణ వచ్చినంక నా గిరాకీ దెబ్బతిన్నది," అన్నాడు. "కరెంటు పోతనే లేదాయె. కరెంటు పోకపోతే ఇన్వర్టర్ ఎవడు కొంటడు?"

నవ్వుతూ అన్నా, ఆయన బాధ నిజమైనదే. అందుకే కొత్తగా సీసీ కెమెరాలు తెచ్చి పెట్టాడు. ఊళ్లో ఉన్న దుకాణాలన్నింటికీ ఆ సంగతి ఒకేసారి తెలియాలని ఆయన కోరిక. ఫోన్‌లో మెసేజ్‌లు పంపే యాప్‌లు ఉంటాయట, ఆ పని నువ్వు చేసిపెడతావా అని అడిగాడు.

"నంబర్లు ఏడికెల్లి తేవాలె సేటూ?"

"నంబర్లకేం తక్కువ? దునియా అంత చూడమని బోర్డుల మీద రాసి పెట్టుకున్నరు కద."

ఆ మాట నాకు సబబుగానే తోచింది. మర్నాటి నుంచి నాలుగు రోజులు మధ్యాహ్నాలు సెంటర్ మూసేసి, నోట్‌బుక్ పట్టుకుని గడియారం చౌరస్తా నుంచి స్టేషన్ రోడ్డు దాకా, అక్కడి నుంచి న్యూటౌన్ దాకా తిరిగాను. స్టీలు సామాన్ల దుకాణాలు, ఎరువుల దుకాణాలు, పంక్చర్ షాపులు, కంటి అద్దాలవాళ్లు, బేకరీలు, టైలర్లు. ప్రతి బోర్డు ముందూ ఆగి నంబర్ రాసుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ తిరుగుడు నాకు సరదాగా ఉండింది. ఏళ్ల తరబడి టైపు చేసే మనిషిని కాబట్టి ఏ బోర్డు చూసినా ముందు నా కళ్లకు తప్పులే కనబడతాయి. ఒక చోట 'ఎరువులు' అన్న మాటలో రు పోయి ఎవులయింది. ఒక టైలర్ బోర్డు మీద 'కుట్టుపని కొరకు మెసెజ్ మాత్రమె చేయగలరు' అని ఉంది. మెసేజ్‌లో దీర్ఘం లేదు, మాత్రమేలో దీర్ఘం లేదు అనుకుని, కింద ఉన్న నంబర్ రాసుకుని ముందుకు నడిచాను.

ఆ సాయంత్రం బాపు నా నోట్‌బుక్ చూశాడు. బాపు అంటే మా నాన్న, మా ఇంట్లోనే ఉంటాడు. ఆయన కోర్టులో సమన్లు అందజేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. సైకిల్ మీద, తర్వాత మోపెడ్ మీద, ఊరూరా తిరిగి కోర్టు కాగితాన్ని ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల చేతికి ఇచ్చి సంతకం తీసుకురావడం ఆయన పని. ఆ కాగితం కోసం ఎదురుచూసే మనిషి ఒక్కడూ ఉండడు. కొందరు తలుపు తీసేవారు కాదు, కొందరు కుక్కను వదిలేవారు. అయినా ఆయన ఎవరినీ ఒక్క మాట అనకుండా వచ్చేవాడు.

"ఏం నంబర్లు బిడ్డా ఇవి?"

చెప్పాను. మొత్తం విని, "పంపుమని వాళ్లు అన్నరా?" అని అడిగాడు.

"దుకాణం నంబర్లు బాపూ, ఇంటివి కావు. వ్యాపారం చేసెటోళ్లకు వ్యాపారం సంగతే పంపుతున్న. దాంట్ల తప్పేమున్నది?"

"నేనడిగింది గది కాదు," అన్నాడు. మళ్లీ అడగలేదు. నేనూ ఆలోచించలేదు.

ఒక సిమ్ నుంచి రోజుకు ఇన్ని మెసేజ్‌లే పోతాయని హద్దు ఉండేది. నా ఒక్క నంబర్ చాలలేదు. నేను వాడేసి పక్కన పెట్టిన స్మార్ట్‌ఫోన్‌ను బాపుకిచ్చి ఉన్నాను. అందులో ఆయన ఫోన్ చేయడం, ఎత్తడం తప్ప ఇంకేమీ వాడడు. ఆ ఫోన్‌లోనూ యాప్ వేసి, నా జాబితాలో సగం నంబర్లు అందులోకి ఎక్కించాను. పొద్దున పదింటికి దానంతటదే మొదలై పంపుకుంటూ పోయేది. బాపు మంచం పక్క అలమారలో ఆ ఫోన్ అలా పడి ఉండేది.

'మీ దుకాణానికి మీ కళ్లు చాలవు. సీసీ కెమెరాలు, తక్కువ ధరకే బిగించి ఇస్తాం' అన్న మాటలు నేనే రాశాను. వాటి కింద సేటు దుకాణం పేరు, ఆయన నంబర్. వారానికి మూడుసార్లు పంపమన్నాడు సేటు, పంపాను. మూడు వారాల్లో ఒక మిఠాయి దుకాణం, రెండు బట్టల షాపులు కెమెరాలు పెట్టించుకున్నాయి. సేటు సంతోషపడి టైల్స్ దుకాణం ఆయన్ని, ఏసీలు బాగుచేసే ఆయన్ని నా దగ్గరకు పంపాడు. నా దగ్గరున్న జాబితా అదే. కెమెరాలు, టైల్స్, ఏసీలు అన్నీ అదే నంబర్లకు వెళ్లాయి.

రెండు నెలలు కాకముందే ఒకరోజు బాపు ఫోన్ పట్టుకుని సెంటర్‌కు నడిచి వచ్చాడు.

"బిడ్డా, దీంట్లకెల్లి ఎవరికీ కాల్ పోతలేదు. పెన్షన్ ఆఫీసుకు చెయ్యాలె, రింగే అయితలేదు."

రీఛార్జి అయిపోయిందేమో అనుకున్నాను. కాలేదు. ఇద్దరం ఆ సిమ్ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లాం. కౌంటర్‌లో నా వయసు ఆవిడే కూర్చుని ఉంది. నంబర్ కొట్టి చూసి, మా ఇద్దరి మొహాలూ చూసింది.

"ఈ నంబర్ నుంచి ప్రకటనలు పోయినయి. ఫిర్యాదులొచ్చినయి. ముందుగాల హెచ్చరిక పంపినం. అయినా ఆగలే. అందుకే అవుట్‌గోయింగ్ ఆపేసినం."

"అవి దుకాణాల నంబర్లు మేడం," అన్నాను. "బోర్డుల మీద రాసినవే. ఇంట్ల ఉండెటోళ్లకు ఒక్కరికి కూడ పంపలే."

"దుకాణం నంబరని వేరే రూల్ లేదమ్మా. సిమ్ ఎవరి పేరు మీద ఉన్నదో గాయన ప్రకటనలు వద్దని నమోదు చేయించుకుంటే, గా సిమ్ ఇంట్ల ఉన్నా గల్లాపెట్టె మీద ఉన్నా వద్దన్నట్టే. నమోదు చేయించుకోకపోయినా సరే, మామూలు పది అంకెల నంబర్‌కెల్లి ప్రకటనలు పంపుడే తప్పు. పంపాలంటే సంస్థగ పేరు నమోదు చేసుకోవాలె. పంపేటోళ్లు ఎవరో తెలిసెటట్టు ఒక హెడర్ తీసుకోవాలె. ఏం రాస్తరో గా నమూన ముందే చూపించి ఒప్పించుకోవాలె. ఎవరికి పంపుతున్నరో వాళ్ల ఒప్పుదల ఉండాలె."

నేను ఇంకేదో అనబోయాను. బాపు చేత్తో ఆగమన్నట్టు సైగ చేసి, "ఆర్డర్ కాయితం ఏమన్న ఉన్నదా అమ్మా?" అని అడిగాడు.

ఆవిడ స్క్రీన్‌ను మా వైపు తిప్పింది. బాపు కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో అక్షరం చదివాడు. ఇంగ్లిష్ ఆయనకు అంతంత మాత్రమే వచ్చినా, కోర్టు కాగితాల మీద ఉండే మాటలు తెలుసు. తన పేరు దగ్గర వేలు ఆనించాడు.

"పంపింది నేను మేడం," అన్నాను. "బాపుకు తెల్వదు."

"ఎవరు పంపినా, సిమ్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే జవాబు చెప్పాలె. సంజాయిషీ రాసిస్తే పైకి పంపుత."

బయట బెంచీ మీద కూర్చున్నాం. బాపు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుంటూ, "ఇన్నేండ్లు మంది పేర్ల మీది కాయితాలు పంచిన. నా పేరు మీద వచ్చుడు గిదే మొదలు," అన్నాడు. కోపంగా అనలేదు. నాకు తలెత్తి చూడబుద్ధి కాలేదు.

అక్కడ కూర్చునే ఆయన ఫోన్‌లోని మెసేజ్‌లు మొదటిసారి తెరిచాను. రెండు నెలలుగా వచ్చిన జవాబులన్నీ అందులో ఉన్నాయి. కంపెనీ పంపిన హెచ్చరిక ఉంది. ఆపమని అడిగినవాళ్లు ఉన్నారు. తిట్లు ఉన్నాయి, ఇక్కడ రాయదగినవి కావు. అన్నింటి మధ్య ఒకే నంబర్ నుంచి అయిదు మెసేజ్‌లు కనబడ్డాయి. మొదటిది: 'మీరు ఎవరు? నాకు కెమెరా అవసరం లేదు.' రెండోది: 'దయచేసి పంపకండి.' మూడోది: 'నేను చెవిటివాణ్ణి. నాకు ఫోన్ అంటే మెసేజే. మీ మెసేజ్‌లతో నా పని చెడుతున్నది.' నాలుగోది: 'మూడుసార్లు చెప్పిన.' అయిదోది: 'ఈరోజు ఫిర్యాదు చేసిన.'

నోట్‌బుక్‌లో ఆ నంబర్ ఎదురుగా 'టైలర్, స్టేషన్ రోడ్డు సందు' అని నా రాతే ఉంది.

ఆ సాయంత్రం సేటు దగ్గరకు వెళ్లి జరిగింది చెప్పాను. "గదేం పెద్ద ముచ్చట? ఫోన్ పోయిందని రాయించు. ఎవడో దొరకబట్టి పంపిండని చెప్పు. ముసలాయన గద, నమ్ముతరు," అన్నాడు.

"పంపింది మీకోసమే గద సేటూ."

"పంపుమన్న. రూల్ తప్పి పంపుమన్ననా?"

ఆయన అన్నది అన్యాయమనిపించింది, కాని నేనూ ఎవరినీ ఏమీ అడగకుండానే పంపాను. ఇంటికి వచ్చి బాపుతో ఆ సలహా చెప్పాను. చెబుతున్నప్పుడే సిగ్గేసింది.

"పోని ఫోన్‌ను పోయిందని నేను సంతకం పెట్టాల్నా?" అన్నాడు బాపు. "వద్దు బిడ్డా. జరిగింది జరిగినట్టు రాయి. పెడత."

జరిగింది జరిగినట్టే టైపు చేశాను. వందల మందికి అర్జీలు రాసిపెట్టిన దాన్ని, ఆ అరపేజీ రాయడానికి పూటంతా పట్టింది. బాపు చదివి సంతకం పెట్టాడు. "ఇగ టైలర్ తానికి పోదాం పా," అన్నాడు.

"ఫిర్యాదు వాపసు తీసుకొమ్మని అడుగుదామా?"

"అడగొద్దు. ఊకె పోదాం."

స్టేషన్ రోడ్డు సందులో ఆ దుకాణం ఒక్క గది. రెండు కుట్టు మిషన్లు, గోడకు గుచ్చిన కొలతల చీటీలు, పొడుగాటి కటింగ్ బల్ల. నలభై దాటిన మనిషి మిషన్ మీద ఉన్నాడు. గడప దగ్గర ఆయన భార్య కింద కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతోంది. మేమెవరమో, ఎందుకొచ్చామో ఆమెకు చెప్పాను. ఆమె ముఖం మారిపోయింది. భర్త వైపు తిరిగి చేతులతో చెప్పింది. ఆయన తొక్కుడు ఆపి నన్ను చూశాడు.

"తప్పయింది అన్నా," అన్నాను. ఆయనకు వినబడదని గుర్తొచ్చి చేతులు జోడించాను.

ఆయన చొక్కా జేబులోంచి ఫోన్ తీసి భార్యకు చూపిస్తూ ఏదో చెప్పాడు. ఆమె మాకు చెప్పసాగింది.

"చిన్నప్పుడు జరమొచ్చి చెవులు పోయినయక్కా. గిరాకీ అంత మెసేజ్‌ల మీదనే. జాకెట్ అయిందా, పాయింటు ఎప్పుడిస్తవు, అన్నీ గందులనే అడుగుతరు. ఫోన్ గీ జేబుల పెట్టుకుంటడు. గుండెకాడ వణికితే గిరాకీ వచ్చిందని తెలుస్తది. మిషన్ ఆపి చూస్తడు. కత్తెర బట్టల ఉన్నా సరే, ఆపి చూస్తడు. మీ మెసేజ్‌లు వచ్చినన్ని దినాలు ఊకూకె వణికేది. తీసి చూస్తే కెమెరా, మల్ల చూస్తే టైల్సు. యాష్టకొచ్చి ఫోన్ ఆ గూట్ల పెట్టేసిండు. గా దినమే ఇస్కూలోళ్లు మెసేజ్ పెట్టిన్రు. పిల్లలకు యూనిఫారాలు కుట్టాలె, కొలతలు తీసుకొను మధ్యాన్నం లోపల రమ్మని. ఈయన పొద్దుమీకి చూసిండు. అప్పటికే వేరేటోళ్లకు ఇచ్చేసిన్రు."

ఆ ఇస్కూలు పని కోసం ఆయన రెండేళ్లుగా అడుగుతున్నాడట. వాళ్లు మొదటిసారి పిలిచిన రోజు అది.

ఆయన లేచి, బల్ల మీది గుర్తులు పెట్టే సుద్దముక్క తీసుకుని, నల్లటి గుడ్డ పీలిక మీద రాశాడు: 'నంబర్ ఎక్కడిది?'

నేను చేత్తో బయటి బోర్డు వైపు చూపించాను.

ఆయన నన్ను బయటకు రమ్మన్నాడు. సందులో నిలబడి తలపైకెత్తి బోర్డు చూపించాడు. దీర్ఘాలు లేని ఆ వాక్యమే. సుద్ద పట్టిన చేతిని చాచి, మొదటి రెండు మాటల కింద గాలిలోనే గీత గీశాడు. కుట్టుపని కొరకు. తర్వాత నా వైపు చూసి, అర్థమైందా అన్నట్టు కనుబొమలెత్తాడు.

అర్థమైంది. ఆ నంబర్‌ను ఆయన అందరికీ ఇచ్చిన మాట నిజమే. ఒక పని కోసం ఇచ్చాడు. ఆ పనేమిటో నంబర్ పైనే రాసి పెట్టాడు. నేను అందులో అక్షరదోషాలు వెతికాను తప్ప వాక్యం చదవలేదు.

బాపు ముందుకొచ్చి ఆయన భుజం మీద చేయి వేశాడు. "ఫిర్యాదు చేసుడు మంచిదే అయింది. లేకుంటే ఇది ఆగకపోయేది," అని ఆమెతో అన్నాడు. ఆమె భర్తకు చెప్పింది. ఆయన బాపును లోపల స్టూలు మీద కూర్చోమన్నాడు. చాయ్ తెప్పించాడు. నాకూ ఇచ్చాడు. కాని నాకు ఆ రోజు ఇంకేమీ రాయలేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాననీ అనలేదు. మేం అడగనూ లేదు.

పది పదిహేను రోజుల్లో బాపు నంబర్ పూర్తిగా పోయింది. ఫిర్యాదు చేసింది టైలర్ ఒక్కడే కాదు, ఇంకా ఉన్నారు. నా ఫోన్‌లోని యాప్‌ను సర్వీస్ సెంటర్ నుంచి వచ్చిన రోజే తీసేశాను, నా నంబర్‌కు హెచ్చరికతోనే సరిపోయింది. కొత్త సిమ్ తీసుకున్నాం. బ్యాంకుకు, పెన్షన్ ఆఫీసుకు, ఆధార్ కేంద్రానికి, గ్యాస్ ఏజెన్సీకి బాపు ఒక్కడే తిరిగి నంబర్ మార్పించుకున్నాడు. నేను వస్తానంటే, "నీ పని చూసుకో," అన్నాడు. పాత సహోద్యోగుల్లో కొందరి నంబర్లు ఆయన దగ్గర రాసి లేవు. వాళ్ల నుంచి ఇక ఫోన్లు రాలేదు. ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు. వాళ్లలో ఒకాయన శ్రాద్ధానికి వెళ్లి వచ్చినప్పుడు, తనకు చావు కబురు ఆలస్యంగా తెలిసిందని మాట వరసకు అన్నాడు. ఎందుకు ఆలస్యమైందో నాకు తెలుసు.

మెసేజ్‌ల పని మానేద్దామనే అనుకున్నాను. కాని పెళ్లికార్డులు తిరిగి రావు కదా. సర్వీస్ సెంటర్ ఆవిడ చెప్పిన దారిలోనే వెళ్లి చూద్దామని మొదలుపెట్టాను. పాన్ కార్డు, దుకాణం లైసెన్స్, ఒప్పంద పత్రం అన్నీ కంపెనీ పోర్టల్‌లో ఎక్కించి సెంటర్ పేరు నమోదు చేసుకున్నాను. ఆరు అక్షరాల హెడర్ వచ్చింది. మెసేజ్ నమూనాలు మాత్రం రెండుసార్లు తిప్పికొట్టారు. మొదటిసారి పంపే సంస్థ పేరు లోపల లేదని. రెండోసారి, సేవ కోసం పంపే మెసేజ్ అని చెప్పి అందులో ప్రకటన కలిపానని. 'మీ బిల్లు సిద్ధం' అని చెప్పి, కిందనే 'కొత్త స్టాకు వచ్చింది' అని రాశాను. అది కుదరదట. మనిషి తాను కోరుకున్న కబురు వేరు, నేను అమ్మదలచిన కబురు వేరు. రెంటికీ వేర్వేరు నమూనాలు ఉండాలి. మూడోసారి ఒప్పుకున్నారు.

మిగిలింది ఒప్పుదల. పాత నోట్‌బుక్ చింపేశాను. ఒక కాగితం మీద నాలుగు గడులు గీసి టైపు చేశాను. పేరు, నంబర్, ఏ ఏ సంగతులు పంపవచ్చు, సంతకం. కింద, ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు ఆపించుకునే తీరు రాశాను. ఆ కాగితాలు పట్టుకుని మళ్లీ అవే బజార్లు తిరిగాను. ఈసారి బోర్డుల ముందు నిలబడలేదు, లోపలికి వెళ్లాను. చాలామంది తల అడ్డంగా ఊపారు. కొందరు, "నువ్వేనా గా కెమెరాల మెసేజ్‌లు పంపింది?" అని అడిగారు. నేనే అని చెప్పాను. ఒకాయన కూర్చోబెట్టి పావుగంట తిట్టి, చివర్న సంతకం పెట్టాడు. స్టీలు సామాన్ల దుకాణం నడిపే ఒక పెద్దావిడ కాగితం పైనుంచి కింది దాకా చదివి, "వద్దంటే నిజంగ ఆగుతదా?" అంది.

"ఆగుతదమ్మా."

"చూపియ్యి."

ఆవిడ నంబర్ ఎక్కించి ఒక మెసేజ్ పంపాను. వద్దని ఆవిడతోనే జవాబు కొట్టించాను. మళ్లీ పంపబోతే సిస్టమ్ ఆ నంబర్‌ను వదిలేసింది. ఆవిడ ఫోన్ చేతిలో పట్టుకుని అయిదు నిమిషాలు చూసింది. రాలేదని నమ్మకం కుదిరాక, "సరే, పండుగల ముంగట పంపు. ఊకె పంపకు," అని సంతకం పెట్టింది. పండుగల ముంగట అని గడిలో రాసుకున్నాను.

సేటుకు కొత్త జాబితా చూపిస్తే, "గింతేనా?" అన్నాడు. పాతదానిలో పదోవంతు కూడా లేదు. నేను సర్దిచెప్పబోయాను. ఆయన వినలేదు. ఎక్కడో ఎవరో లక్షల నంబర్లు అమ్ముతున్నారని, వాళ్ల దగ్గరకు పోయాడు. తర్వాత ఆయన నంబర్ కూడా ఒకసారి ఆగిపోయిందని విన్నాను. నేను వెళ్లి అడగలేదు. ఇప్పటికీ ఎదురుపడితే పలకరించుకుంటాం.

ఆ ఏడాది బోనాలకు జాకెట్ కుట్టించుకోవడానికి స్టేషన్ రోడ్డు సందుకే వెళ్లాను. టైలర్ కొలతల కోసం నా పాత జాకెట్ తీసుకుని, గుడ్డ పీలిక మీద రాశాడు: 'గిరాకీలకు బట్టలు అయినయని నేను మెసేజ్ పంపుత. అది కూడ తప్పేనా?'

తప్పు కాదని రాశాను. వాళ్లు బట్టలిచ్చారు, అయ్యాయో లేదో తెలుసుకోవాలనుకుంటారు, ఒక్కొక్కరికి వాళ్ల బట్టల గురించే చెబుతున్నావు, అందులో అమ్మేదేమీ లేదు. ఆయన చదివి తలాడించాడు. ఆ వెంటనే తుడిచేసి, 'పండుగకు తక్కువ ధర అని అందరికి పంపితే?' అని రాశాడు.

'అడిగి పంపాలి,' అని రాశాను.

ఆయన నవ్వాడు. నన్ను చూసి నవ్వడం అదే మొదటిసారి. నా ఒప్పుదల కాగితం కూడా సంచీలోంచి తీసి ముందు పెట్టాను. అది చదివి మడిచి తిరిగి నా చేతికిచ్చాడు. ఆయన ఇప్పటికీ నా జాబితాలో లేడు. జాకెట్ అయిందని మాత్రం నాలుగో రోజు మెసేజ్ పంపాడు.

ఇప్పుడు నాతో మెసేజ్‌లు పంపించుకునేవి ఎరువుల దుకాణాలు రెండు, ఒక కంటి అద్దాల షాపు, ఒక బేకరీ. పంపేవన్నీ వాళ్ల గిరాకీలు సంతకం చేసి ఇచ్చిన నంబర్లకే. మొన్న న్యూటౌన్‌లో రక్తపరీక్షల ల్యాబు నడిపే ఆయన వచ్చాడు. నెలలో ఒక రోజు తక్కువ ఖర్చుకు షుగర్ పరీక్షలు పెడుతున్నాడట. ఏళ్లుగా తన దగ్గర రిపోర్టులు తీసుకున్నవాళ్ల నంబర్లన్నీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు.

"వీళ్లు రిపోర్టు కోసం ఇచ్చిన నంబర్లు సార్. ప్రకటనకు పంపను," అన్నాను.

"నా పేషెంట్లే గదమ్మా. వాళ్ల మంచికే చెప్తున్న."

"రిపోర్టు తయారైందని చెప్పుమంటే ఇప్పుడే పంపుత. పరీక్షలు చేయించుకోమని పంపాల్నంటే వాళ్లను అడగాలె."

ఆయనకు కోపమొచ్చింది. ఇంత ఊళ్లో ఈ పని చేసేది నువ్వొక్కదానివేనా అని పెన్‌డ్రైవ్ తీసుకుని వెళ్లిపోయాడు. ఒక పెద్ద గిరాకీ పోయిందనుకుని నేను అఫిడవిట్ టైపు చేసుకుంటూ కూర్చున్నాను. వారం తర్వాత ఆయనే మళ్లీ వచ్చి, "నీ కాయితం ఒకటి ఇయ్యి, కౌంటర్ మీద పెట్టుకుంట," అన్నాడు. కొన్ని ప్రింట్లు తీసి ఇచ్చాను.

నింపిన కాగితాలు నిన్న పంపాడు. కొందరు రిపోర్టుకు, ప్రకటనకు రెంటికీ సరేనన్నారు. కొందరు 'రిపోర్టు మాత్రమే' అని రాశారు. ఒకావిడ నంబర్ రాసి, పక్కన 'నా కొడుకు ఫోన్, వాణ్ణి అడగండి' అని రాసింది. ఆ ఒక్కటీ పక్కన పెట్టి, మిగతావి ఎవరు ఏమన్నారో అలాగే ఎక్కించాను.